గొంతు క్యాన్సర్‌కు బ్రాకీథెరపీ

బ్రాకీథెరపీ అనగా రేడియోధార్మిక పదార్థాన్ని క్యాన్సర్ కణితి లోపల గాని, దానికి ఆనుకొని గాని ఉంచి చేసే అంతర్గత రేడియేషన్ చికిత్స. గ్రీకు భాషలో 'బ్రాకీస్' అనగా పొట్టి అని అర్థం. టాన్సిళ్ళు, మెత్తని అంగిలి, నాలుక మొదలు భాగాలలో తొలిదశలో ఉన్న చిన్న కణితులకు ఈ చికిత్స చేస్తారు. తొలి కణితి నయమైన తరువాత కూడా ఈ రోగులలో కొందరికి మరొక క్యాన్సర్ రావచ్చును. దీనిని రెండవ ప్రాథమిక క్యాన్సర్ అంటారు.

చరిత్ర

1898లో మేరీ క్యూరీ, పియరీ క్యూరీ దంపతులు రేడియంను కనుగొన్నారు. కొద్ది సంవత్సరాలకే రేడియంతో కణితులకు చికిత్స మొదలైనది. అయితే చికిత్స చేసే సిబ్బందికి కూడా రేడియేషన్ తగిలేది. 20వ శతాబ్దపు ద్వితీయార్థంలో ఇరిడియం-192 వాడుకలోకి వచ్చినది. దీని అర్ధజీవిత కాలం సుమారు 74 రోజులు. ముందుగా ఖాళీ గొట్టాలను అమర్చి, తరువాత వాటిలోకి ఇరిడియంను పంపే పద్ధతి వలన సిబ్బందికి ప్రమాదం తగ్గినది.

చికిత్సా విధానం

రోగికి మత్తు ఇచ్చి, సన్నని ప్లాస్టిక్ గొట్టాలను కణితి గుండా అమరుస్తారు. స్కానింగ్ ద్వారా వాటి స్థానాన్ని చూసి మోతాదును లెక్కిస్తారు. దూరం పెరిగే కొద్దీ రేడియేషన్ తీవ్రత వేగంగా తగ్గుతుంది. కనుక లాలాజల గ్రంథులకు, మింగుటకు తోడ్పడే కండరాలకు హాని తక్కువ. వ్యాధి మెడలోని శోషరస గ్రంథులకు పాకే అవకాశముంటే బాహ్య రేడియేషన్ గాని, శస్త్రచికిత్స గాని తోడు చేస్తారు. పుండ్లు పడటం, అరుదుగా దవడ ఎముక దెబ్బతినటం దీని దుష్ఫలితాలు. దీనికి ప్రత్యేక నైపుణ్యం అవసరం.

రెండవ క్యాన్సర్లు

పొగాకు, మద్యం ప్రభావం కణితి ఉన్న చోటికే పరిమితం కాదు. నోటి నుండి ఊపిరితిత్తుల వరకు శ్లేష్మ పొర అంతటా మార్పులు రావచ్చును. ఈ భావనను 1953లో స్లాటర్, అతని సహచరులు ప్రతిపాదించారు. అందువలన ఒకచోట నయమైనా నోరు, గొంతు, అన్నవాహిక, ఊపిరితిత్తులలో కొత్త కణితి పుట్టవచ్చును. తొలిదశలోనే నయమైన వారి మరణాలకు ఇది ఒక ముఖ్య కారణం. రేడియేషన్ వలననే కలిగే క్యాన్సర్లు అరుదు. అవి సాధారణంగా చాలా సంవత్సరాల తరువాత బయటపడతాయి. హెచ్.పి.వి. వైరస్ వలన గొంతు క్యాన్సర్ వచ్చినవారిలో రెండవ క్యాన్సర్ ముప్పు తక్కువ.

ఒకసారి పూర్తి మోతాదు పొందిన భాగానికి మళ్ళీ రేడియేషన్ ఇవ్వటం కష్టం. బ్రాకీథెరపీ చిన్న భాగానికే పరిమితం కనుక, గొంతులో మరొక చోట కణితి వచ్చినపుడు రేడియేషన్ ఇచ్చే అవకాశం మిగులుతుంది.

జాగ్రత్తలు

పొగాకు, మద్యం పూర్తిగా మానివేయాలి. చికిత్స ముగిసి అనేక సంవత్సరాలు గడిచినా క్రమం తప్పక పరీక్షలు చేయించుకోవాలి. మానని పుండు, గొంతు బొంగురు, మింగుటలో ఇబ్బంది, మెడలో గడ్డ కనిపిస్తే వెంటనే వైద్యుని సంప్రదించాలి.

ఇవి కూడా చూడండి

క్యాన్సర్
రేడియం
పొగాకు