రెండు రాజ్యాల అస్తమయం చూసిన రాజకుమారి

మొగలుల కాలంలో సూరత్ రేవు నుండి హజ్ యాత్రికుల ఓడలు ఆటోమన్ సుల్తానుల ఏలుబడిలోని జెద్దాకు సాగేవి. ఆటోమన్ వంశంతో భారతదేశానికి గల ఆ పాత సంబంధం 20వ శతాబ్దంలో హైదరాబాదుతో వియ్యంగా పరిణమించింది.

రాజకుమారి దుర్రుషెహ్వార్ 1914లో ఇస్తాంబుల్‌లో జన్మించింది. ఆమె తండ్రి రెండవ అబ్దుల్ మజీద్ చివరి ఖలీఫా. 1924 మార్చి 3న టర్కీ శాసనసభ ఖలీఫా పదవిని రద్దుచేసి, ఆ వంశీయులను దేశం నుండి బహిష్కరించింది. పదేళ్ల బాలిక తల్లిదండ్రులతో స్విట్జర్లాండుకు, అటుపై ఫ్రాన్సులోని నీస్ నగరానికి చేరింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పంపిన భరణం ఆ కుటుంబానికి ఆధారమయింది. 1931 నవంబరు 12న నీస్‌లోనే నిజాం జ్యేష్ఠ కుమారుడు ఆజం జాతో ఆమె వివాహం జరిగింది.

హైదరాబాదులో ఆమె అంతఃపురానికే పరిమితం కాలేదు. స్త్రీ విద్యను, వైద్యసేవను ప్రోత్సహించింది. పురానీ హవేలీ వద్దనున్న పిల్లల వైద్యశాల ఆమె పేరును నిలుపుతోంది.

1944 ఆగస్టు 23న, పారిస్ విముక్తి పోరాటం సాగుతుండగా, ఆ నగరంలోనే తండ్రి మరణించాడు. ఆయనను స్వదేశంలో ఖననం చేయనిమ్మన్న కుమార్తె విన్నపాన్ని టర్కీ ప్రభుత్వం మన్నించలేదు. పార్థివదేహం సుమారు పదేళ్లు పారిస్ మసీదులోనే ఉండి, 1954లో మదీనాలో ఖననమయింది. ఈలోగా 1948 సెప్టెంబరులో పోలీసుచర్యతో మెట్టినింటి రాజ్యమూ అంతరించింది.

2006 ఫిబ్రవరిలో లండన్‌లో కన్నుమూసిన ఆమెను ఇంగ్లండులోని బ్రూక్‌వుడ్‌లో ఖననం చేశారు. తండ్రికి దక్కని నేలను ఆమె తనకూ కోరలేదు.