సంగటికీ మాత్రకూ మధ్య

తెల్లవారి ఐదున్నర. బాగేపల్లికి అవతలి పల్లెలో మీ ఇల్లు. హైదరాబాదు హైవే మీద పోయే లారీల చప్పుడు మంచులోంచి ఇక్కడిదాకా వినిపిస్తోంది. గూట్లోంచి థైరాయిడ్ మాత్ర తీసి రెండు చిన్న గుక్కల నీళ్లతో మింగారు. చెంబెత్తి గటగటా తాగడం ఇక కుదరదు. బెంగళూరులో గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకుని ఎనిమిది నెలలైంది. పొట్టను కోడిగుడ్డంత సంచి చేసి, దాన్నుంచి పేగులోకి కొత్త దారి కుట్టారు. తిన్నది ఇప్పుడు చిన్నపేగు మొదటి భాగాన్ని తాకకుండానే కిందికి పోతుంది. ఐరన్, కాల్షియం ఒంటికి బాగా పట్టే చోటు అదే. బరువు తగ్గింది, షుగర్ అదుపులోకొచ్చింది. గూట్లోని ఆ మాత్రల డబ్బా మాత్రం ఇక ఎప్పటికీ ఉంటుంది.

"కాఫీ పెట్టినా, తాగమ్మీ," అంటోంది అత్తమ్మ.

"థైరాయిడ్ మాత్ర ఇప్పుడే వేసుకున్నా అత్తమ్మా. ఒక గంట కానీ."

గోడ క్యాలెండరు పక్కన మీ అమ్మాయి కన్నడంలో రాసి అంటించిన కాగితముంది. పదింటికి ఒక కాల్షియం. ఒంటిగంటకు అన్నంతో మల్టీవిటమిన్. నాలుగింటికి, ఏడింటికి మళ్లీ కాల్షియం. రాత్రి తొమ్మిదిన్నరకు ఐరన్. ఈ వేళలు ఊరికే పెట్టినవి కావు. కాల్షియం, ఐరన్ ఒకేసారి కడుపులో పడితే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, కాబట్టి మధ్యలో కనీసం రెండు గంటలు ఉండాలి. థైరాయిడ్ మాత్రకు ఆ రెండింటి నుంచీ నాలుగు గంటల ఎడం కావాలి. రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, కానీ ఒక్కసారిగా 500, 600 దాటి వేసుకుంటే ఒళ్లు తీసుకోదు. అందుకే మూడు ముక్కలు.

ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితమంతా ఇంగ్లీషు. బాగేపల్లి చుట్టుపక్కల తాలూకాల్లో ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది కన్నడం. ఆ కాగితం చూసి రోగి తనంతట తాను మాత్ర వేసుకోలేరు. లక్షలు తీసుకుని ఆపరేషన్ చేసేవాళ్లు, ఒక పేజీ పట్టికను ఆ మనిషి చదవగల లిపిలో రాసి చేతికివ్వాలి. ఇది నేను గట్టిగా అడిగే మాట.

ఎనిమిదింటికి చేళూరు మీదుగా చింతామణి బస్సు. పిన్ని ఇంట్లో నామకరణం. కిటికీ పక్కన కూర్చుని పర్సు తడుముకున్నారు. పదింటి మాత్ర, ఒక చిన్న నీళ్ల సీసా ఉన్నాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్లే, ఊళ్లో నీళ్లు శుద్ధిచేసే ప్లాంటులో నాణెం వేసి పట్టుకున్నవి. ఇటు చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కాల్షియం, విటమిన్ డి తక్కువైన ఎముకల మీద ఫ్లోరైడ్ మరింత దెబ్బ తీస్తుంది. బైపాస్ అయిన మనిషి ఈ ప్రాంతంలో బోరు నీళ్లు తాగుతూ కాల్షియం మానేస్తే ఎముకలకు రెండు వైపుల నుంచీ కష్టమే.

చింతామణిలో బస్సు దిగి మందులషాపుకెళ్లారు. బోర్డు కన్నడంలో ఉంది, మాట తెలుగులో వచ్చింది.

"ఏమి కావల్లక్కా?"

"కాల్షియం సిట్రేట్."

కుర్రాడు వెనక అరలన్నీ వెతికి ఒక స్ట్రిప్ గాజుబల్ల మీద పెట్టాడు. "ఇది కూడా కాల్షియమే అక్కా, ఇంకా అగ్గువ. అందరూ ఇదే తీసుకపోతారు."

వెలుతురుకు పట్టుకుని చూశారు. వెండి రేకు మీద, పేరు కింద, చీమతలకాయంత అక్షరాల్లో కార్బొనేట్ అని ఉంది. అది కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి. మీకు మిగిలిన చిన్న సంచిలో ఆమ్లం ఊరేది చాలా కొద్ది. పైగా పుండు పడకుండా ఆమ్లం తగ్గించే మాత్ర కూడా కొన్ని నెలలు వాడారు. సిట్రేట్‌కు ఆమ్లంతో పని లేదు, తిండి లేకపోయినా పడుతుంది. కుర్రాడి తప్పేమీ లేదు, అతనికెవరూ చెప్పలేదు. మీరే చెప్పారు. "రేపటికి తెప్పిస్తా అక్కా," అని సిట్రేట్ పేరు నోటుబుక్కులో రాసుకున్నాడు.

పిన్ని గడపలోనే పట్టుకుంది. "ఏం పాపా, ఇట్ల సగమైపోయినావు! మోకాళ్ల నొప్పి తగ్గిందా?"

"తగ్గింది పిన్నీ. మెట్లెక్కితే మాత్రం పీకుతాది."

బాబాయి వెంటనే లోపలికెళ్లి ఒక నొప్పిమాత్ర తెచ్చాడు. ఆయన దాన్ని ఏళ్లుగా వాడుతున్నాడు. మీరు చేయి చాపలేదు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ జాతి మాత్రలు సంచీ పేగూ కలిపి కుట్టిన చోట పుండు చేస్తాయి. అది రక్తం కారేదాకా, ఒక్కోసారి చిల్లు పడేదాకా పోతుంది. నొప్పికి పారాసెటమాల్, అదీ డాక్టరు చెప్పినంతే. ఆపరేషన్‌కు ముందు వాడిన షుగర్ మాత్ర కథ ఇంకొకటి. పేరు చివర ఎస్‌ఆర్ అనో ఎక్స్‌ఆర్ అనో ఉన్న మాత్రలు పేగు పొడవునా మెల్లగా కరిగేలా చేసినవి, దారి మారిన పేగులో సరిగా పనిచేయకపోవచ్చు. అదే గ్లిమెపిరైడ్ లాంటిదైతే, మునుపటి లెక్కనే మింగుతూ పిడికెడు తిండితో సరిపెట్టుకుంటే చక్కెర పడిపోయి, బస్సులోనే చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి. బీపీ మాత్రలదీ ఇదే లెక్క. బరువు తగ్గేకొద్దీ డోసు తగ్గించాల్సింది డాక్టరే. ఎవరికి వాళ్లు ఆపేయడం, ఎవరికి వాళ్లు కొనసాగించడం రెండూ ప్రమాదమే.

ఒంటిగంట. నామకరణం విందులో అన్నం, పాయసం. మీకోసం పిన్ని వేరుగా చిన్న సంగటి ముద్ద, పితికిపప్పు పెట్టింది. అనపకాయల కాలం, గింజ పైతోలు వలిచి చేసిన పప్పు మెత్తగా ఉంది. ముందు పప్పే తిన్నారు, మాంసకృత్తులు ముఖ్యం గనక. సంగటి దగ్గర మాత్రం జాగ్రత్త పడ్డారు. మన వైపు సంగటిని నమలరు, ముద్ద పులుసులో ముంచి మింగుతారు. ఇప్పుడలా మింగితే సంచి నోటి దగ్గరే ఇరుక్కుంటుంది, వాంతి అవుతుంది. చిటికెడు చిటికెడు తీసి, పళ్ల మధ్య నలిపి మరీ తిన్నారు. తినేటప్పుడు నీళ్లు ముట్టలేదు.

"రాగుల్లోనే బోలెడు కాల్షియం ఉంటాదంట కదా, మళ్లా ఆ మాత్రలెందుకు?" అంది పిన్ని. నిజమే, 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. కానీ రాగిలోని ఫైటేట్లు అందులో కొంత పట్టి ఉంచుతాయి, పైగా మీరు తినేది నిమ్మకాయంత ముద్ద.

వాంతుల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. రోజుల తరబడి తిన్నది నిలవకపోతే విటమిన్ బి1 నిల్వలు కొద్ది వారాల్లోనే అయిపోతాయి. ఒక్కటి రెండుగా కనబడడం, నడక తూలడం, మాట తికమక పడడం మొదలైతే అది మెదడు దెబ్బ. పాలిష్ బియ్యం తిన్న ఉత్తర సర్కారు జిల్లాలను ఒకప్పుడు బెరిబెరితో పీడించింది ఈ లోపమే. ఇలాంటి వాంతులకు గ్లూకోజు బాటిల్ ఎక్కించే ముందే బి1 ఇంజెక్షన్ ఇవ్వాలని చిన్న క్లినిక్కులో అయినా సరే గుర్తుచేయండి.

మర్నాడు పొద్దున్నే చిక్కబళ్లాపురం. నందికొండ మీద మబ్బు ఇంకా దిగలేదు. మాత్రలు వేసుకోకుండానే ల్యాబు బెంచీ మీద కూర్చున్నారు. పక్కనున్న ఆవిడ చేతిలో ఫోలిక్ యాసిడ్ స్ట్రిప్ కనబడింది, చిన్న పసుపుపచ్చ మాత్రలు. ఆ మాత్ర వెనక ఒక తెలుగు శాస్త్రవేత్త ఉన్నాడు, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్న స్ప్రూ జబ్బుతో చనిపోయాడు. తిన్నది పేగుకు పట్టకుండా మనిషిని శుష్కింపజేసే జబ్బు అది. తర్వాత అమెరికాలో, లెడర్లే ప్రయోగశాలలో, సుబ్బారావు బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. పేగు తీసుకోలేనిదాన్ని మాత్రగా అందించే ఆ పని ఫలం ఇవాళ మీ మల్టీవిటమిన్‌లోనూ ఉంది.

నెలనెలా వేయించుకునే బి12 ఇంజెక్షన్ వేరు. బి12 పట్టడానికి కడుపు గోడ నుంచి ఊరే ఒక పదార్థం కావాలి, అది మీకిప్పుడు బాగా తక్కువ. కాలేయంలో పాత నిల్వ ఉంటుంది గనక లోటు వెంటనే తెలియదు. ఏడాదికో రెండేళ్లకో అరికాళ్లు తిమ్మిరెక్కి బయటపడుతుంది. అప్పటికి నరాలు దెబ్బతిని ఉంటాయి. బాగున్నాం కదా అని ఇంజెక్షన్ మానేసేవాళ్లను తలుచుకుంటే నాకు భయం అందుకే.

చీటీ చూసి ల్యాబు అమ్మాయి చదువుతోంది. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, బి12, విటమిన్ డి, కాల్షియం.

"పీటీహెచ్ కూడా రాయమ్మా," అన్నారు మీరు.

"కాల్షియం ఉంది కదా మేడం?"

ఉంది. కానీ రక్తంలో కాల్షియం తగ్గితే ఒళ్లు ఎముకల్లోంచి తోడి అక్కడ నింపుతుంది, రిపోర్టులో అంకె బాగానే కనిపిస్తుంది. ఆ తోడకం జరుగుతోందని చెప్పేది పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్ష. ఆమె పెన్ను తీసి చీటీ చివర రాసింది. శాంపిల్ బెంగళూరు పోవాలి, రిపోర్టు ఎల్లుండి ఫోనుకొస్తుందని చెప్పింది. మీరు జాకెట్టు చేయి పైకి మడిచారు.