కువైట్‌లో మన వివరాలకు కాపలా ఎవరు?

వినడానికి పొడిగా ఉన్నా మనందరికీ సంబంధించిన సంగతి ఒకటి ఇవాళ చెప్తాను.

నేను కువైట్‌లో ఒక సంస్థలో జీతాల లెక్కలు చూస్తాను. మా సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఒక్కో మనిషి పేరు పక్కన సివిల్ ఐడీ, పాస్‌పోర్టు నకలు, బ్యాంకు ఖాతా, జబ్బు సెలవులు వరుసగా కనిపిస్తాయి. కడప నుంచో, గోదావరి జిల్లాల నుంచో వచ్చిన మనవాళ్ల గుట్టంతా ఆ తెర మీదే ఉంటుంది.

ఈ లెక్క 1982లో మొదలైంది. ఆ ఏడాది వచ్చిన పౌర సమాచార చట్టంతో ప్రతి నివాసికీ 12 అంకెల నంబరు ఇచ్చారు. మన పుట్టిన తేదీ కూడా ఆ అంకెల్లోనే ఉంటుంది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు వచ్చాయి. లక్షకు పైగా భారతీయులు అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో ఇళ్లు చేరారు. 1991లో ఐక్యరాజ్య సమితి పరిహార సంఘాన్ని పెట్టింది. ఇరాక్, కువైట్ వదిలి వెళ్లిన అన్ని దేశాల వాళ్లవీ కలిపి 9 లక్షలకు పైగా అర్జీలు వచ్చాయి. అన్నీ ఒక్కొక్కటిగా విచారించడం అయ్యే పని కాదు కనుక, రాకపోకల రికార్డులతో కంప్యూటర్లో సరిపోల్చారు. ఎక్కడో నమోదైన పేరే చాలామందికి సాక్ష్యమైంది. అంచేత రికార్డు మన శత్రువు కాదు. అది ఎవరి చేతిలో, ఎందుకోసం ఉందన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్న 2015లో గట్టిగా వచ్చింది. జూన్ 26న ఇమామ్ సాదిక్ మసీదులో బాంబు పేలి పాతిక మందికి పైగా పోయారు. తర్వాతి నెలలోనే పౌరులు, నివాసులు, సందర్శకులు అందరూ డీఎన్ఏ నమూనా ఇవ్వాలని చట్టం చేశారు. కాదంటే ఏడాది జైలు, 10,000 దీనార్ల దాకా జరిమానా. 2017 అక్టోబరులో రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది.

ఇక ఉద్యోగాల సంగతి. ప్రైవేటు యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదని 2007లోనే ఉత్తర్వు వచ్చింది. మరి నకలు మాటేమిటి? ఉద్యోగ, ఆరోగ్య, ఆర్థిక వివరాలను అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2014 నాటి 20వ నంబరు చట్టం చెప్పింది. 2021లో టెలికం నియంత్రణ సంస్థ గోప్యతా నిబంధనలు తెచ్చింది. 2024లో వాటి పరిధిని ప్రధానంగా తన లైసెన్సుదారులకే కుదించింది.

ఐరోపాలో 2018 మే 25 నుంచి అమలైన చట్టం ఒక పద్ధతి పెట్టింది. వివరాలు సేకరించే కంపెనీ, వాటిని నిర్వహించే సాఫ్ట్‌వేర్ సంస్థ ఒప్పందం రాసుకోవాలి. ఎందుకు వాడతారు, ఇంకెవరికి అందుతాయి, పని ముగిశాక చెరిపేస్తారా, తిరిగిస్తారా అన్నవి అందులో ఉండాలి. దాచమని ఇచ్చినవాడూ, పుచ్చుకున్నవాడూ సంతకాలు చేస్తారు. పుస్తకంలో పేరున్నవాడికి మాత్రం ఆ కాగితంలో చోటుండదు.

కనుక అడగవలసింది మనమే. ఉద్యోగం మారేటప్పుడు బాకీ జీతంతో పాటు ఇంకో మాట కూడా అడగండి: "నా కాగితాల నకళ్లు ఎన్నాళ్లు ఉంచుతారు, ఎవరు చూస్తారు?" జవాబు రాతలో తీసుకోండి. ఆ కాగితాన్ని పాస్‌పోర్టుతో పాటు భద్రంగా దాచుకోండి. సెలవు.