పండుగైనంక ఇది ఏడికి పోతది? ఉత్తర తెలంగాణ ఇంటి అలంకరణ కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక ప్లాస్టిక్ తోరణంతో మొదలుపెడతా.

కిందటి దసరాకు కరీంనగర్‌లో టవర్ సర్కిల్ దగ్గర ఒక బంతిపూల తోరణం కొన్నా. నిజం బంతిపూలు కాదు, ప్లాస్టిక్‌వి. వాడిపోవు, వచ్చే ఏడాది కూడా పనికొస్తాయి, పైగా సగం ధరే కదా అనుకున్నా. ఇంటికొచ్చి దర్వాజకు కడుతుంటే మా నాయినమ్మ కుర్చీలో కూర్చొని చూసి ఒక్కటే మాట అడిగింది. "మంచిగనే ఉన్నది గని, పండుగైనంక ఇది ఏడికి పోతది బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. ముందు సజ్జ మీదికి పోతుంది, తర్వాత చెత్త బండిలోకి, ఆ తర్వాత ఊరి బయట గుట్టలా పోసిన చెత్తలోకి. అక్కడ ఎన్నేళ్లుంటుందో లెక్కలేదు. కానీ నాయినమ్మ చిన్నప్పుడు ఇంటికి పెట్టిన ప్రతిదానికీ ఆ ప్రశ్నకు జవాబు ఉండేది. పూలు చెరువులోకి. మామిడాకులు పెంటకుప్పలోకి, అక్కడి నుంచి పొలంలోకి. గోడ మీది జాజు, నేల మీది అలుకు మళ్లీ మట్టిలోకి.

ఇప్పుడు ఇన్‌స్టా తెరిస్తే సీజన్‌కో రీల్ వస్తుంది. ఎకో-ఫ్రెండ్లీ దీపావళి డెకార్, సంక్రాంతి కార్నర్, వర్షాకాలం కలర్ థీమ్. ఇదంతా కొత్త ఐడియా అన్నట్టు చెప్తారు. మన కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఇళ్లలో ఇది అలవాటుగా ఉండేది, దానికి పేరే లేదు. మరి అది ఎట్లా నడిచింది, ఎందుకు ఆగింది? ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

మొదట గోడ సంగతి చూద్దాం. పాత మట్టి ఇల్లు గుర్తు తెచ్చుకోండి. మీరు చూడకపోతే ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. మట్టి గోడలు, పైన గూన పెంకులు, కింద పేడతో అలికిన నేల. గోడ కింది భాగానికి ఎర్రటి జాజు పట్టీ, పైన తెల్లటి సున్నం. సున్నంలో కొంచెం నీలిమందు కలిపితే తెలుపు ఇంకా మెరిసేది. గడపకు పసుపు, కుంకుమ బొట్లు. పొద్దున్నే వాకిట్లో పేడనీళ్లు చల్లుడు, దాని మీద ముగ్గు.

ఈ పూతలు ఎక్కువగా దసరా, దీపావళి ముందే ఎందుకు వేసేవాళ్లు? క్యాలెండర్ చూడండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు. వాన జల్లు కొట్టి మట్టి గోడ కింది భాగం కరుగుతుంది, పెచ్చులు లేస్తాయి, చెమ్మ ఎక్కుతుంది. వాన తగ్గగానే మట్టి మెత్తి, జాజు పూసి, సున్నం వేస్తే తప్ప ఆ గోడ ఇంకో ఏడాది నిలవదు. సున్నానికి క్షార గుణం ఉంటుంది కాబట్టి బూజు, పురుగు తగ్గుతాయి. లోపలి చెమ్మ బయటికి పోవడానికి కూడా దారి ఉంటుంది. అంటే మనం డెకరేషన్ అనుకునేది నిజానికి రిపేరు. పండుగ ఆ రిపేరుకు పెట్టిన డెడ్‌లైన్. సీజన్ మారితే ఇంటి రంగు మార్చాలనే ఆలోచన ఏ ఫ్యాషన్ పుస్తకం నుంచీ రాలేదు, వాన నుంచి వచ్చింది.

సిమెంటు వచ్చాక ఆ అవసరం పోయింది. ఒకసారి పెయింట్ వేస్తే ఐదారేళ్లు చూడక్కర్లేదు. అది సుఖమే. కాకపోతే ఆ సుఖానికి లెక్క ఇంకో చోట పడుతుంది. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 7, 8 శాతం ఒక్క సిమెంటు తయారీ నుంచే వస్తుంది.

ఇప్పుడు పూల దగ్గరికి వద్దాం. కరీంనగర్ వైపు వాళ్లకు పూల సీజన్ అంటే బతుకమ్మే. దానికంటే ముందు ఆడపిల్లలు పుట్టమన్నుతో బొడ్డెమ్మను చేస్తారు. అంటే మొదట మన్ను, తర్వాత పూలు. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై తొమ్మిది రోజులు, చివర సద్దుల బతుకమ్మ. సిబ్బిలోనో తాంబాలంలోనో ఆకులు పరిచి, గునుగు, తంగేడు, బంతి, కట్ల పూలు వరుసలుగా పేరుస్తారు. కొద్దిసేపు దేవుని అర్రలో పెడతారు, సాయంత్రం వాకిట్లో ఆడతారు, ఆ తర్వాత చెరువుకు. మన దగ్గర ఏడాదిలో అన్నింటికంటే అందమైన వస్తువు ఇంట్లో ఉండేది ఒక్క పూటే. రేపు ఉండదని తెలిసే చేస్తారు.

మరి ఆ పూలు ఎక్కడివి? బంతి లాంటివి తప్ప చాలావరకు ఎవరూ తోటల్లో పెంచినవి కాదు. తంగేడు బీడు భూముల్లో, చెరువు కట్టల మీద, గుట్టల కింద దానంతట అదే మొలిచే పొద. దాని చెక్కతో తోళ్లు కూడా శుద్ధి చేసేవాళ్లు. గునుగు అయితే జొన్న, కంది చేన్లలో మొలిచే కలుపు మొక్క. రైతు వద్దనుకునే మొక్కను ఆడవాళ్లు తెచ్చి అమ్మవారిని చేశారు. పైసా ఖర్చు లేదు.

1963లో పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేశారు. తర్వాత కాకతీయ కాలువ వచ్చింది, దిగువ మానేరు డ్యామ్ వచ్చింది. చెలకలు పొలాలయ్యాయి, జొన్న పోయి వరి వచ్చింది. ఈ ప్రాంతం కడుపు నిండింది, దాన్ని తప్పు పట్టేవాళ్లు ఎవరూ లేరు. కానీ నీళ్లు నిలిచే వరి మడిలో గునుగు మొలవదు. మిగిలిన చేన్లలో కలుపు మందు దాన్ని ఉండనియ్యదు. తంగేడు ఉండే బీళ్లు ప్లాట్లయ్యాయి. 2014లో తెలంగాణ వచ్చాక బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, తంగేడు రాష్ట్ర పుష్పం అయింది. అదే సమయానికి టౌన్లో మనం ఆ రాష్ట్ర పుష్పాన్ని కట్ట లెక్కన కొనుక్కుంటున్నాం. గునుగును ముంచే రంగులు కూడా ఇప్పుడు ప్యాకెట్‌లో వచ్చే కెమికల్ రంగులే, అవి పూలతో పాటు చెరువులో కలుస్తాయి.

ఇక్కడొక మాట అర్థం చేసుకోవాలి. ఆ అలంకరణ ఇంట్లో కనిపించింది గానీ, దాని మూలం ఇంటి బయట ఉంది. బీడు, చెరువు, గుట్ట, అడవి. అవి అందరివిగా ఉన్నన్ని రోజులు ఇంటికి అందం ఫ్రీగా వచ్చింది.

ఈ మాట ఆదిలాబాద్ వైపు ఇంకా గట్టిగా వినిపిస్తుంది. గోండు, కొలాం గూడేల్లో ఇల్లంటేనే అడవి. గుంజలు, వాసాలు, గోడకు అల్లే వెదురు, పైన గడ్డి, మీద మెత్తే మట్టి. నిజాం కాలంలో అడవికి హద్దులు గీసి రిజర్వ్ అన్నప్పుడు పోడు భూమితో పాటు ఇల్లు కట్టుకునే సామాను మీద కూడా ఆంక్ష పడింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణమిచ్చింది ఈ హక్కుల కోసమే. జల్, జంగల్, జమీన్ అనే మాటలో ఒక ఇంటి గోడ, కప్పు, వాకిలి కూడా ఉన్నాయని నాకు ఈ ఎపిసోడ్ కోసం చదువుతున్నప్పుడే తట్టింది. ఆ తిరుగుబాటు తర్వాతే హైమన్‌డార్ఫ్ అనే ఆంత్రపాలజిస్టు వచ్చి మార్లవాయిలో ఉన్నారు. గోండుల జీవితం మీద ఆయన పుస్తకం 1948లో వచ్చింది.

ఆ పద్ధతి ఇంకా బతికే ఉన్న చోటు చూడాలంటే పుష్య అమావాస్యకు ఇంద్రవెల్లి దగ్గర కేస్లాపూర్ పోవాలి. నాగోబా జాతర. మెస్రం వంశం వాళ్లు గోదావరి నుంచి కాలినడకన నీళ్లు తెస్తారు. కుండలు సిరికొండ కుమ్మరుల దగ్గర చేయిస్తారు. ఆడవాళ్లు మట్టితో పుట్టలు చేస్తారు. నీళ్లు ఎక్కడివి, కుండ ఎవరిది, మట్టి ఎక్కడికి పోతుంది, అన్నింటికీ అక్కడ జవాబు ఉంది.

ఇక నిర్మల్. మన డ్రాయింగ్ రూముల్లో ఉత్తర తెలంగాణ కనిపించేది ఎక్కువగా నిర్మల్ బొమ్మ రూపంలోనే. పొనికి అనే తేలికైన కర్ర, రంపపు పొట్టు, చింతగింజల జిగురు. పొట్టును జిగురుతో ముద్ద చేసి అతుకులు పూడుస్తారు. పూర్వం రంగులు మొక్కల నుంచి, రాళ్ల నుంచి తీసేవాళ్లు. తర్వాత డ్యూకో పెయింట్ వచ్చింది, ఇప్పుడు ఎక్కువ వాడేది అదే. కాబట్టి ఎవరైనా వంద శాతం నేచురల్ అని లేబుల్ పెడితే రంగు ఏంటని అడగండి. పొనికి చెట్లు కూడా తగ్గిపోయాయి. పనివాడు చేయడానికి సిద్ధంగా ఉన్నా కర్ర దొరకడం కష్టం. అంటే మళ్లీ కథ అడవి దగ్గరికే వచ్చింది.

అయినా నిర్మల్ బొమ్మకు నాయినమ్మ ప్రశ్న వేస్తే ఒక జవాబు దొరుకుతుంది. ఇది ఏడికి పోతది? ఎక్కడికీ పోదు. మా ఇంట్లో ఒక నిర్మల్ పండ్ల సెట్టు ఉంది, నాకంటే వయసులో పెద్దది. మట్టిలో కలిసేది ఒక రకం, తరం దాటి నిలిచేది ఇంకో రకం. నా ప్లాస్టిక్ తోరణం ఈ రెండింట్లో ఏదీ కాదు, సమస్య అక్కడుంది.

ఇంతవరకు విని, పాత రోజులే బంగారం అని కామెంట్ పెట్టకండి. నేనూ అట్లాగే అనబోయా. నాయినమ్మ నవ్వింది. "అలికి అలికి మోకాళ్లు పోయినయి. గచ్చు పడ్డంకనే జర కూసున్న. నువ్వు అలుకుతవా మరి?" అన్నది. నిజమే కదా. ఆ అలుకు, ఆ సున్నం, ఆ నీళ్లు మోయడం మొత్తం ఆడవాళ్ల చాకిరీ, ఒక్క రూపాయి లెక్క లేని చాకిరీ.

ఇంకో చేదు నిజం వెట్టి. గడీ దొరల ఇళ్లలో పండుగకు కొత్త కుండలు, బుట్టలు, పూలు, తోరణాలు వచ్చేవి. కుమ్మరి, మేదరి, చాకలి, మాదిగ, ఎవరి పని వాళ్లు కూలి లేకుండా చేసి పెట్టాల్సిందే. మన కరీంనగర్ జిల్లాలో 1978లో జగిత్యాల జైత్రయాత్ర జరిగే నాటికి కూడా వెట్టి మీద పోరాడాల్సి వచ్చింది. కాబట్టి మట్టితో చేసింది, వెదురుతో చేసింది అన్నంత మాత్రాన అది మంచిది అయిపోదు. చేసిన మనిషికి ఏం దక్కింది అనేది కూడా అడగాలి.

సరే, మనం ఏం చేయాలి? మీలో చాలామంది కిరాయి రూముల్లో, అపార్ట్‌మెంట్లలో ఉంటారని తెలుసు. ఎమల్షన్ వేసిన గోడ మీద సున్నం సరిగ్గా పట్టదు, ఆ ప్రయత్నం వద్దు. దసరాకు రెండు, రెండున్నర నెలల ముందు, అంటే ఆషాఢం చివర్లో, పాత బకెట్లోనో కుండీలోనో బంతి గింజలు వేయండి. గింజలు కొనక్కర్లేదు, ఎండిన బంతిపువ్వు విప్పితే అవే. దీపావళికి మెరిసే పెయింట్ వేసిన ప్రమిదలు కాకుండా మామూలు మట్టివి, కుదిరితే కుమ్మరి దగ్గరే, బేరం ఆడకుండా కొనండి. ముగ్గుకు బియ్యప్పిండి వాడితే చీమలకు పిట్టలకు తిండి. ఉగాదికి మామిడాకులు కట్టాక వాడిన ఆకును కవర్‌లో కట్టి పారెయ్యకండి, కుండీలో వేయండి. ఇల్లంతా అలంకరించాల్సిన పని కూడా లేదు. గడప ఒక్కటి చాలు, మన పెద్దలకు అదే ముఖ్యం.

కానీ వీటన్నింటికంటే పెద్ద పని ఇంటి బయట ఉంది. మీ ఊర్లో చెరువు కట్ట మీద, గుట్ట పక్కన తంగేడు పొద ఇంకా ఉందా? ఆ జాగ ఎవరి పేరు మీద ఉంది? ఆ జాగ పోతే తంగేడు ఫొటో మాత్రమే మిగులుతుంది.

ఇంతకీ ఆ ప్లాస్టిక్ తోరణం ఏమైందంటే, పారెయ్యలేదు. కొన్న తప్పుకు తెగేదాకా వాడాల్సిందే అని నాయినమ్మ తీర్పు. ఈసారి దాని పక్కన ఇంటి బంతిపూలు కూడా కడతాం, మొక్కలు ఇప్పటికి మోకాలెత్తు వచ్చాయి.

మీకు ఒక చిన్న హోంవర్క్. ఇంట్లో అమ్మమ్మనో తాతనో పక్కన కూర్చోబెట్టుకొని ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేయండి. మీ పాత ఇంటి గోడ ఏ రంగు, ఆ మట్టి ఎక్కడి నుంచి తెచ్చేవాళ్లు, ఎవరు పూసేవాళ్లు, ఈ మూడే అడగండి. ఈ చరిత్ర ఎక్కువగా వాళ్ల నోట్లోనే ఉంది. విన్నది కామెంట్‌లో ఊరి పేరుతో రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుతా. అప్పటిదాకా ఉంటా మరి, నమస్తే.