పెట్టె మీద 56కె, లైన్‌లో 33.6: డయల్-అప్ మోడెమ్ ప్రమాణాలు ఏం చెప్తాయి?

డయల్-అప్ ఇంటర్నెట్ రోజుల్లో తరచూ వినిపించిన ఫిర్యాదు ఒకటుంది. కొత్త మోడెమ్ పెట్టె మీద 56కె అని రాసి ఉంటుంది. ఫోన్ కలిశాక కంప్యూటర్ మాత్రం 33.6 అనో, ఇంకా తక్కువో చూపిస్తుంది. చాలాసార్లు మోడెమ్‌లో లోపమేమీ ఉండేది కాదు. అవతల ఇంటర్నెట్ కంపెనీ దగ్గరున్న మోడెమ్‌కు అదే పద్ధతి తెలియకపోవడమో, మధ్యలో లైన్ సహకరించకపోవడమో అసలు కారణం.

ప్రమాణం అంటే ఏమిటి?

కంప్యూటర్ సమాచారాన్ని మోడెమ్ ఫోన్ లైన్ మోయగలిగే శబ్దంగా మారుస్తుంది. అవతలి మోడెమ్ ఆ శబ్దాన్ని మళ్లీ సమాచారంగా మారుస్తుంది. ఇద్దరూ ఒకే పద్ధతి పాటిస్తేనే ఇది కుదురుతుంది. ఆ పద్ధతులను జెనీవాలోని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్, అంటే ఐటీయూ, ‘వి’ అక్షరంతో ప్రకటిస్తుంది. సెకనుకు ఎన్ని బిట్లు పోతాయన్నది ఇలా పెరిగింది:

- వి.22బిస్: 2,400
- వి.32: 9,600
- వి.32బిస్ (1991): 14,400
- వి.34 (1994): 28,800, తర్వాత 33,600
- వి.90 (1998): దిగుమతికి 56,000, ఎగుమతికి 33,600
- వి.92 (2000): ఎగుమతి 48,000 వరకు

వీటికి తోడు వి.42 తప్పులు సరిదిద్దుతుంది, వి.42బిస్ సమాచారాన్ని కుదించి పంపుతుంది.

ఫోన్ కలవగానే వినిపించే కీచు శబ్దాలు రెండు మోడెమ్‌ల మధ్య జరిగే బేరం లాంటివి. ఇద్దరికీ తెలిసిన పద్ధతుల్లో, ఆ లైన్ తట్టుకోగలిగిన గరిష్ఠ వేగం దగ్గర బేరం కుదురుతుంది. అందుకే పాత మోడెమ్ ఉన్నవాళ్లకు కూడా కనెక్షన్ దొరికేది, వేగం మాత్రం తగ్గేది.

1997లో రెండు వర్గాలు

56కె విషయంలో కంపెనీలు ఐటీయూ నిర్ణయం కోసం ఆగలేదు. యూఎస్ రోబోటిక్స్ ‘ఎక్స్2’ తెచ్చింది. రాక్‌వెల్, లూసెంట్ కలిసి ‘కె56ఫ్లెక్స్’ తెచ్చాయి. ఒకదాని భాష ఇంకోదానికి రాదు. ఎక్స్2 మోడెమ్ కొన్న కుటుంబం కె56ఫ్లెక్స్ మాత్రమే ఉన్న సర్వీసుకు డయల్ చేస్తే 56కె రాదు, వి.34 వేగమే దక్కుతుంది. ఇంటర్నెట్ కంపెనీలకూ ఇబ్బందే. ఏదో ఒక పక్షం ఎంచుకోవాలి, లేదా రెండు రకాల పరికరాలూ పెట్టి వేర్వేరు ఫోన్ నంబర్లు ఇవ్వాలి.

1998లో వి.90 రావడంతో ఈ గొడవ సద్దుమణిగింది. సాఫ్ట్‌వేర్ మార్చుకునే వీలున్న మోడెమ్‌లు వి.90కి మారాయి. ఆ వీలు లేని మోడెమ్ కొన్నవాళ్లు మాత్రం నష్టపోయారు.

56కె రావాలంటే

ఇంటర్నెట్ కంపెనీ వైపు లైన్ డిజిటల్‌గా ఉండాలి. దారిలో శబ్దం-డిజిటల్ మార్పిడి ఒక్కసారే, అది కూడా వినియోగదారుడి వైపే జరగాలి. అందుకే ఇద్దరు స్నేహితులు తమ ఇళ్లలోని 56కె మోడెమ్‌లను నేరుగా కలిపినా 33.6 దాటదు. ఆఫీసులోని సొంత ఎక్స్ఛేంజి గుండా వెళ్లినా చాలాసార్లు ఇదే పరిస్థితి. అమెరికాలో లైన్‌పై పంపే సంకేత శక్తికి పరిమితి ఉండటంతో దిగుమతి వేగం 53.3కె దగ్గరే ఆగిపోయేది.

మన దగ్గర

మన దేశంలో వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న సామాన్యులకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. 1998 చివర్లో ప్రైవేటు కంపెనీలకు దారి తెరుచుకుంది. అప్పట్లో ఇక్కడ ఇంటర్నెట్ గంటలకు డబ్బు కట్టాల్సి వచ్చేది, ఫోన్ బిల్లు వేరే. కాబట్టి వేగం సగమైతే అదే ఫైలుకు రెట్టింపు సమయం, దానికి తగ్గ ఖర్చు. మోడెమ్ కొనేముందు కంపెనీ దగ్గర ఏ ప్రమాణం ఉందో అడగడం డబ్బు మిగిల్చే పనిగా ఉండేది.

ఇప్పటికీ అదే సూత్రం

డయల్-అప్ దాదాపు పోయింది. అమెరికాలో ఏఓఎల్ కూడా 2025 సెప్టెంబర్ 30తో ఆ సర్వీసు ఆపేసింది. సూత్రం మాత్రం మారలేదు. ఇంట్లో కొత్త వైఫై 6 రౌటర్ పెట్టినా, పాత ఫోన్ తనకు తెలిసిన పాత పద్ధతిలోనే మాట్లాడుతుంది. పెట్టె మీది అంకె ఒక వైపు సంగతే చెప్తుంది. డబ్బు పెట్టేముందు రెండో వైపు ఏముందో కూడా చూసుకోవాలి.