నాన్‌వోవెన్ వస్త్రాల యాంత్రిక లక్షణాలు

నాన్‌వోవెన్ వస్త్రం అనగా నూలు వడకకుండా, మగ్గంపై నేయకుండా, పోగులను నేరుగా పొరగా పరచి, వాటిని ఒకదానితో ఒకటి అతికించి లేదా చిక్కుపరచి తయారుచేసే బట్ట. దుకాణాలలో "బట్ట సంచి" పేరుతో ఇచ్చే రంగుల సంచులు, సర్జికల్ మాస్కులు ఈ తరగతికి చెందినవి. నేత బట్టకు బలం దారం నుండి వస్తుంది. నాన్‌వోవెన్ వస్త్రానికి పోగులు ఎంత ముఖ్యమో, వాటి మధ్య ఉన్న అతుకులు అంతే ముఖ్యం. అందువలన బరువు పడినప్పుడు ఇవి సాగే తీరు, చిరిగే తీరు నేత బట్టలకు భిన్నంగా ఉంటాయి.

నిర్మాణం

తెలంగాణలో నేసే గొంగడిలో పడుగు, పేక అనే రెండు వరుసల నూలు ఒకదానిని ఒకటి దాటుతూ నిలబడుతుంది. నాన్‌వోవెన్ వస్త్రంలో ఇట్టి క్రమం లేదు. పోగులు ఇష్టం వచ్చిన దిశలలో పడి ఉంటాయి. ఈ విషయంలో ఇది కాగితానికి దగ్గర. అయితే కాగితంలోని పోగులను హైడ్రోజన్ బంధాలు పట్టి ఉంచుతాయి. తడిస్తే ఆ బంధాలు వదులై కాగితం చిరుగుతుంది. పాలీప్రొపిలీన్ నీటిని దాదాపు పీల్చుకోదు కనుక దానితో చేసిన సంచి తడిసినా బలం కోల్పోదు.

సంచులకు వాడే రకాన్ని స్పన్‌బాండ్ అంటారు. కరిగిన పాలీప్రొపిలీన్‌ను సన్నని రంధ్రాల గుండా తీసి, గాలితో సాగదీసి, కదిలే పట్టీపై పరుస్తారు. తరువాత ఈ పొరను వేడి రోలర్ల మధ్య నొక్కుతారు. ఒక రోలరుపై ఉండే చిన్న బొడిపెలు తగిలిన చోట మాత్రమే పోగులు అతుక్కుంటాయి. సంచిని వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే కనబడే చుక్కల వరుసలు ఈ అతుకులే.

బట్ట మందాన్ని చదరపు మీటరుకు గ్రాములలో (జీఎస్‌ఎం) చెబుతారు. 60 జీఎస్‌ఎం బట్టలోని పాలీప్రొపిలీన్‌నంతా కరిగించి రేకుగా పరిస్తే మందం సుమారు 66 మైక్రాన్లే ఉంటుంది. బట్ట అంతకంటే ఎంతో మందంగా కనబడటానికి కారణం పోగుల మధ్య ఉన్న ఖాళీలు.

సాగే విధానం

మెల్లగా లాగినప్పుడు మొదట వంకర పోగులు నిటారు అవుతాయి. ఈ దశలో బరువు తీసివేస్తే బట్ట చాలావరకు మునుపటి స్థితికి వస్తుంది. ఇంకా లాగితే పోగులు లాగిన దిశకు తిరుగుతాయి. బట్ట పొడవు పెరిగి వెడల్పు బాగా తగ్గుతుంది. ఈ మార్పులో చాలా భాగం శాశ్వతం. పట్టీ కదిలిన దిశలో ఎక్కువ పోగులు పడటం వలన సాధారణంగా ఆ దిశలో బలం ఎక్కువ, అడ్డదిశలో తక్కువ.

బరువు పెరగకపోయినా, ఎక్కువసేపు వేలాడదీస్తే పాలీప్రొపిలీన్ నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. దీనిని క్రీప్ అంటారు.

విఫలమయ్యే విధానం

అతుకు వేసినప్పుడు వేడి చాలకపోతే పోగులు అతుకు నుండి ఊడివస్తాయి. వేడి మితిమీరితే అతుకు గట్టిగానే ఉంటుంది గాని, దాని అంచు వద్ద పోగు బలహీనపడి అక్కడే తెగుతుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రతలోనే బట్టకు గరిష్ఠ బలం లభిస్తుంది. సూదులతో గుచ్చి చిక్కుపరచిన రకంలో అతుకులు ఉండవు కనుక పోగులు ఎక్కువగా జారిపోయి బట్ట విడిపోతుంది.

ఒక అతుకు వదిలితే దాని బరువు పక్క అతుకులపై పడుతుంది. అందువలన చిరగడానికి ముందు బట్టపై పలుచని మచ్చలు, నూగు కనబడతాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పాలీప్రొపిలీన్ అణుగొలుసులను తెంచుతాయి. ఎండలో చాలాకాలం ఉన్న సంచి చేతితో పట్టుకుంటేనే పొడిపొడిగా రాలడానికి ఇదే కారణం.

పరీక్షలు

ఐఎస్‌ఓ 9073-3 ప్రమాణం ప్రకారం 50 మి.మీ. వెడల్పు గల పట్టీని తెగే వరకు లాగి బలాన్ని, సాగుదలను కొలుస్తారు. చిరుగుడును తట్టుకునే శక్తిని ఐఎస్‌ఓ 9073-4 పద్ధతిలో కొలుస్తారు.

హైదరాబాదులో వాడుక

హైదరాబాదులోని అశోక్‌నగర్ పోటీ పరీక్షల శిక్షణకు ప్రసిద్ధి. అక్కడి అభ్యర్థులు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి చదువుకోవడానికి వెళుతుంటారు. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పరిసరాలలో పుస్తకాలు, జిరాక్సు ప్రతులు ఈ సంచులలో మోయడం మామూలు.

75 జీఎస్‌ఎం ఏ4 కాగితాలు 500 ఉన్న కట్ట బరువు సుమారు 2.3 కిలోలు. రెండు కట్టలు కలిపి దాదాపు 46 న్యూటన్ల బలం. రెండు పిడుల సంచిలో ఇది నాలుగు అతుకులకు పంచబడితే ఒక్కొక్కదానికి 11.5 న్యూటన్లు. ఒక పిడి చేయి జారితే మిగిలిన రెండు అతుకులపై 23 న్యూటన్ల చొప్పున పడుతుంది. మెట్లు దిగేటప్పుడు కలిగే కుదుపులు దీనికి అదనం. సంచి సాధారణంగా పిడి అతుకు మూలలో చిరగడానికి కారణం ఇదే. పిడి లేకుండా కన్నం కోసిన డి-కట్ సంచులలో కన్నం మూలలు బలహీన స్థానాలు.

2020లో కోవిడ్-19 వలన మాస్కుల వాడుక పెరిగింది. సర్జికల్ మాస్కు మధ్య పొర మెల్ట్‌బ్లోన్ రకం. వడపోత ప్రధానంగా దీని పని. ఇది బయటి స్పన్‌బాండ్ పొరలకంటే బలహీనం కనుక, గట్టిగా లాగితే బయటికి చిరుగు కనబడకముందే ఈ పొర దెబ్బతినవచ్చు.

నిబంధనలు

చూడటానికి బట్టవలె ఉన్నా ఈ సంచి ప్లాస్టిక్కే. భారత ప్రభుత్వం 2021 ఆగస్టులో సవరించిన ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం, 2021 సెప్టెంబరు 30 నుండి నాన్‌వోవెన్ ప్లాస్టిక్ చేతిసంచులు 60 జీఎస్‌ఎం కంటే తక్కువ ఉండరాదు. పలుచని సంచి త్వరగా చిరిగి చెత్తలో చేరుతుంది, దాని పోగులు మట్టిలో, నీటిలో కలుస్తాయి. అయితే జీఎస్‌ఎం ఒక్కటే మన్నికను నిర్ణయించదు. అతుకుల నాణ్యత, పిడి కుట్టిన తీరు కూడా అంతే ముఖ్యం.

ఇవి కూడా చూడండి

పాలీప్రొపిలీన్
గొంగడి
కాగితం