తత్వం ఏ అరలో ఉంది?

వెంకటగిరికోట నుంచి అటు పుంగనూరు, మదనపల్లె దాకా, ఇటు కుప్పం దాకా పల్లెవాళ్లకు తత్వమంటే పాట. వేమనవీ బ్రహ్మంగారివీ పాడుకుంటారు. కాలేజీలో తత్వశాస్త్రమంటే మాత్రం సోక్రటీసు, ప్లేటో, కాంట్. ఒకే మాటకు ఇంత ఎడం ఎలా వచ్చింది?

మొదట్లో యూరప్‌లో కూడా ఇంత ఎడం లేదు. 3వ శతాబ్దపు గ్రీకు రచయిత డయోజెనిస్ లయర్షియస్ తత్వవేత్తల చరిత్ర రాస్తూ భారతీయ జ్ఞానులను తలచుకున్నాడు. 18వ శతాబ్దం చివరి నుంచి ఆ తలుపు మూసుకుంటూ వచ్చింది. 1820లలో బెర్లిన్‌లో జర్మన్ తత్వవేత్త హెగెల్ అసలైన తత్వచింతన గ్రీసులోనే మొదలైందని పాఠం చెప్పాడు. ఆంగ్లేయ సంస్కృత పండితుడు కోల్‌బ్రూక్ వ్యాసాల ద్వారా సాంఖ్య, న్యాయ దర్శనాలు తెలిసినా ఆయన వాటిని గుమ్మం బయటే ఉంచాడు.

ఆ దశకంలోనే, 1829లో, సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో మద్రాసులో అచ్చువేయించాడు. తెలుగుజాతి ఆయనకు రుణపడి ఉంది. అయినా వేమన చేరింది నీతి పద్యాల అరలోకే. ఈ తప్పు దొరలదొక్కటే కాదు. కులాన్ని, పూజా ఆడంబరాన్ని నిలదీసిన వేమనను మన పండితులూ చాలాకాలం పట్టించుకోలేదు.

అప్పటి చిత్తూరు సీమలోని తిరుత్తణిలో 1888లో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తిరుపతి, వేలూరు, మద్రాసు మిషనరీ విద్యాసంస్థల్లో చదువుకున్నారు. అక్కడ హిందూ చింతన మీద విన్న విమర్శ ఆయన్ని గుచ్చింది. వేదాంతానికి నీతి పునాది లేదన్న మాటకు జవాబుగా 1908లో ఎం.ఏ. సిద్ధాంత వ్యాసం రాశారు. 1923, 1927లలో ‘ఇండియన్ ఫిలాసఫీ’ రెండు సంపుటాలు వెలువరించారు. 1936లో ఆక్స్‌ఫర్డ్ పీఠం ఎక్కారు. ఆ పీఠం పేరు ‘తూర్పు మతాలు, నీతి’. అంత ఎత్తుకు చేరిన మనిషికి కూడా తలుపు తెరుచుకున్నది మతం వైపు నుంచే.

1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిది ఇంకో దారి. తనను జగద్గురువుగా నిలపడానికి కట్టిన సంస్థను 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో ఆయనే రద్దుచేశారు. 1980లో భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బోమ్‌తో కాలం గురించీ ఆలోచన గురించీ వాదించుకుంటూ కూర్చున్నారు. అయినా పుస్తకాల షాపులో ఆయన ఉండేది ఆధ్యాత్మికం అరలోనే.

వేమన నీతికి, రాధాకృష్ణన్ మతానికి, కృష్ణమూర్తి ఆధ్యాత్మికానికి. మన సీమ చింతనను పంచుకున్న తీరిది. ఈ మూడు మాటలూ గౌరవంగానే వినిపిస్తాయి. కానీ వాటి చాటున వాదన మరుగున పడింది. దండం పెట్టి పక్కన పెట్టిన ఆలోచనతో ఎవరూ తలపడరు.

ప్లేటోను తీసేయమని నేను అనను. కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. ఇలాంటి చోట్ల ప్లేటోతో ఎలా వాదిస్తామో, వేమనతోనూ అలాగే వాదించాలి. ఆయన మాట ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ తడబడుతుందో పిల్లలు తేల్చాలి. ఆ రోజు పల్లెలోని తత్వం, కాలేజీలోని తత్వం మళ్లీ ఒకే మాట అవుతాయి.